మూడో పాట చివర

బెల్మాంట్ కొండవాలులో, ఎండ చల్లబడని మూడు గంటలకి
టాంటీ యుడోరా ఇస్త్రీపెట్టె నిలబెట్టి
రికార్డు మీదికి ముల్లు దించేది.
పాటకి ముందు కాసేపు
మూకుట్లో వేరుశనగలు వేగే చప్పుడు.
చొక్కాల మీద నీళ్ళు చిలకరించడం నా పని.
వీధిలో అందరికీ ఆమె టాంటీ, అంటే అత్త.
ఎవరికీ మేనత్త కాదు.

అట్ట మీద పాటగాడు పడవ అంచున కూర్చుని
జోళ్ళు చేత పట్టుకుని నవ్వుతుంటాడు.
అట్ట వెనక పదకొండు పాటల పేర్లు,
పియానో వాయించినవాడి పేరు, మైకులు సర్దినవాడి పేరు,
ఫొటో తీసినవాడి పేరు, పడవ ఎవరిదో వాడి పేరు కూడా.
షాక్-షాక్ ఆడించినవాడి పేరు లేదు.

వాడు సిప్రియన్. టాంటీ మొగుడు.
ఓడలో వంటవాడు. యాభై ఏడులో
న్యూయార్కు రేవులో ఓడ ఆగిపోతే
అరువు కోటు తొడుక్కుని వెళ్ళి
ఒక్క పగలు సొరబుర్రలో గింజలు గలగలలాడించి
పదిహేను డాలర్లు సంపాదించాడు.
అందులో నాలుగు పెట్టి
ఆ రికార్డే కొనుక్కొచ్చాడు.

"మూడో పాట చివర, చెవి ఇటు పెట్టు."
గిటారు ఆగుతుంది. పాటగాడు ఆఖరి మాటని
లంగరు తాడు వదిలినట్టు వదులుతాడు.
అప్పుడొక దగ్గు.
చిన్నది, సగం మింగేసింది.
"అదిగో మా ఆయన" అనేది టాంటీ,
వీధి మలుపులో కనపడ్డట్టు.
అప్పటికి ఆరేళ్ళయింది ఆయన్ని లాపెరూజ్‌లో పూడ్చి.

మొదటి వైపంతా మా ఊసులే:
చెరుకు, రేవు కూలీ, కూలి ఎగ్గొట్టిన దొర మీద ఎకసెక్కం.
పలక తిప్పితే లోకం.
జపాను జాలర్ల తెడ్డుపాట, ఐర్లండులో
సముద్రం తినేసిన కొడుకు కోసం ఏడుపు,
తూర్పు యూరప్ యూదుల జోలపాట ఒకటి.
ఒక్క ముక్క అర్థం తెలీకుండా
అన్నీ వచ్చేశాయి టాంటీకి.
తెడ్డుపాటకి చొక్కా వీపు, ఏడుపుకి చేతులు,
కాలరు దగ్గర మాత్రం జోల. అక్కడ తొందర పనికిరాదు.

ఒక గురువారం ఫ్రెడరిక్ వీధి దర్జీ
జోనెన్‌ఫెల్డ్ గారు ప్యాంట్లు తెచ్చాడు.
ముప్పై తొమ్మిదిలో పోలండ్ నుంచి
ఒక సూదుల డబ్బీతో మా రేవులో దిగిన మనిషి.
గడప మీదే ఆగిపోయాడు. టోపీ తీశాడు.
టాంటీ కాలరు మీద ఉంది.
పాట అయ్యాక అడిగింది: "తప్పులున్నాయా?"
"ఒక్కటి. అక్కడ మేక రావాలి.
మీరు కిటికీ అంటున్నారు."
"సరిచెయ్యండి మరి."
ఆయన చాలాసేపు ప్యాంట్లు లెక్కపెట్టాడు. రెండే ఉన్నాయి.
"కిటికీయే ఉండనివ్వండి" అన్నాడు.

మరుసటి గురువారం అవే ప్యాంట్లు.
మడత నలగలేదు.
టాంటీ ఒక మాట అనలేదు. మళ్ళీ ఇస్త్రీ చేసింది.
డబ్బు తీసుకుంది.

నేను బడిపంతులమ్మనయ్యాక
టొరాంటో నుంచి ఆమె చెల్లెలి కొడుకు ఫిట్జ్‌రాయ్ వచ్చాడు
అదే ఆల్బమ్ సీడీగా తీసుకుని.
"గీతలూ గరగరలూ అన్నీ కడిగేశారు టాంటీ.
కొబ్బరినీళ్ళలా ఉంటుంది విను."
విన్నాం. నిజంగానే అలా ఉంది.
గిటారు ఆగింది. తాడు జారింది.
తరవాత తోమి బోర్లించిన గిన్నె లాంటి నిశ్శబ్దం.
టాంటీ ఇంకాసేపు తల వంచి కూర్చుంది.
నాలుగో పాట సగంలో
"బాగుంది నాయనా, భోంచేద్దువుగాని" అని లేచింది.

సీడీ ఇప్పుడు పెరట్లో కందిచెట్టుకి వేలాడుతోంది,
చిలకలు కాయలు ముట్టకుండా.
గాలికి తిరుగుతూ గోడ మీద ఎండముక్కలు విసురుతుంది.

పాత పలక నా దగ్గరుంది.
నిన్న పరీక్ష కాగితాలు దిద్దుతూ పెట్టాను.
ఇన్నేళ్ళూ దగ్గు కోసమే విన్నాం కాబట్టి
ఆ తరవాతది ఎప్పుడూ వినలేదు.
నాలుగో పాటలో గింజలు
అర తాళం ఆలస్యంగా అందుకుంటాయి.
అక్కడ ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు.
ఎవరో తెలీదు. ఆ పేరూ అట్ట మీద లేదు.